పండు పిట్టకు, పువ్వు మనకు

ఇల్లు కొన్నారు. పాలు పొంగించారు, సత్యనారాయణ వ్రతం చేసుకున్నారు, చుట్టాలు వచ్చి వెళ్ళారు. ఓ శనివారం పొద్దున కాఫీ కప్పుతో వెనక తలుపు తీస్తే పెరడంతా గడ్డి. మొదటి ఏడాది ఉత్సాహంగా టమాటా, బెండ, గోంగూర వేశారు. సొరతీగకు పందిరి కట్టారు. చలి మొదలయ్యాక ఒక్క రాత్రి మంచు పడేసరికి అన్నీ నల్లబడి వాలిపోయాయి. కరివేపాకు కుండీని ఇంట్లోకి తెచ్చి కిటికీ దగ్గర పెట్టుకున్నారు. మరి పెరట్లో ఏం మిగిలింది? మళ్ళీ గడ్డే.

"ఇక్కడ ఏం చెట్టు పెట్టాలి?" అని నన్ను చాలామంది అడుగుతారు. నేను మొదట చెప్పే పేరు డాగ్‌వుడ్. అట్లాంటా, షార్లెట్, రాలీ, ఉత్తర వర్జీనియా, మేరీల్యాండ్, న్యూజెర్సీ... మనవాళ్ళు పెద్ద సంఖ్యలో స్థిరపడిన ఈ ప్రాంతాలన్నీ ఆ చెట్టుకు పుట్టిల్లు. శాస్త్రీయ నామం కార్నస్ ఫ్లోరిడా. మీరు దాన్ని చూడకుండా ఉండరు. ఏప్రిల్‌లో హైవే మీద వెళుతుంటే అడవి అంచున, ఇంకా ఆకు తొడగని పెద్ద చెట్ల కింద, తెల్లటి పూలు అంతస్తులు అంతస్తులుగా పరుచుకుని కనిపిస్తాయే, అదే. పేరు తెలియక చెర్రీ అనుకుని ఉంటారు.

చెర్రీ అంటే గుర్తొచ్చింది. వసంతం రాగానే పిల్లల్ని కారెక్కించుకుని వాషింగ్టన్‌లో చెర్రీ పూలు చూడ్డానికి వెళ్తాం కదా? ఆ చెట్లు 1912లో టోక్యో నగరం పంపినవి. బదులుగా 1915లో అమెరికా టోక్యోకు సారె పంపింది. ఆ సారెలో వెళ్ళినవి ఈ డాగ్‌వుడ్ చెట్లే. ఉత్తర కరోలినాకూ వర్జీనియాకూ రాష్ట్ర పుష్పం ఇదే. రెండింటికీ రాష్ట్ర పక్షి కూడా ఒకటే, ఎర్ర కార్డినల్. ఆ పిట్ట ఈ చెట్టు పండు తింటుంది.

"తినని కాయ ఎందుకురా?"

పెరట్లో డాగ్‌వుడ్ పెట్టేముందు చాలా ఇళ్ళలో ఈ సంభాషణ జరుగుతుంది. గుంటూరు నుంచి అమ్మ వచ్చి ఉంటుంది.

"కాయలు కాస్తుందా?"

"కాస్తుందమ్మా, ఎర్రగా గుత్తులు గుత్తులు."

"తినొచ్చా?"

"మనం తినలేం. చేదు."

"తినని కాయ ఎందుకురా? ఓ జామ మొక్కో, దానిమ్మో పెట్టుకోక!"

అమ్మ మాటలో న్యాయం ఉంది. మన పెరళ్ళలో చెట్టు అంటే కాయో, పువ్వో, పూజకు పత్రో ఇవ్వాలి. కానీ అదే అమ్మ వరి కంకుల కుచ్చు చూరుకు కట్టి పిచ్చుకలను పిలిచిన మనిషి. ఆవిడకు ఇలా చెప్పి చూడండి: "అమ్మా, ఇది ఈ ఊరి వరికుచ్చు."

నిజంగా అంతే. సెప్టెంబరు, అక్టోబరుల్లో డాగ్‌వుడ్ పళ్ళు పండే వేళకే పిట్టలు దక్షిణానికి వలస మొదలుపెడతాయి. ఈ పళ్ళలో కొవ్వు ఎక్కువ. వందల మైళ్ళు ఎగరాల్సిన పిట్టకు కావలసింది అదే. కనీసం 36 జాతుల పక్షులు ఈ పండు తింటాయని అమెరికా వ్యవసాయ శాఖ లెక్క. రాబిన్, బ్లూబర్డ్, కార్డినల్, వాక్స్‌వింగ్, అడవి టర్కీ కోడి అందులో ఉన్నాయి. ఉడుతలు, చిప్‌మంక్‌లు, కొండల వైపు నల్ల ఎలుగులు కూడా వదలవు.

పండు కంటే ముఖ్యమైన సంగతి ఆకులో ఉంది. ఉత్తర అమెరికాలో డాగ్‌వుడ్ జాతుల మీద బతికే సీతాకోకచిలుకల, రెక్కల పురుగుల గొంగళ్ళు వందకు పైగా రకాలు. డెలావేర్ విశ్వవిద్యాలయంలో కీటకాలను పరిశోధించే డగ్ టలామీ ఏళ్ళ తరబడి చెబుతున్న మాట ఒకటుంది. గుప్పెట్లో పట్టేంత చికడీ పిట్ట ఒక్క కాన్పు పిల్లల్ని పెంచడానికి 6,000 నుంచి 9,000 గొంగళ్ళను ఏరి తేవాలట. మీ పెరట్లో గొంగళ్ళు లేకపోతే ఆ పిల్లలు ఏం తింటాయి? మనం కట్టే గింజల డబ్బాతో పిట్ట పిల్లలు పెరగవు.

సరైన మొక్కేనా?

నర్సరీకి వెళ్ళి "డాగ్‌వుడ్ ఇవ్వండి" అంటే చాలాసార్లు చేతికి వచ్చేది కౌసా. అది జపాన్, కొరియా, చైనాల చెట్టు. అందమైనదే, జబ్బులను బాగా తట్టుకుంటుంది, పండు మనిషి తినొచ్చు కూడా. కానీ గరుకుగా, లావుగా ఉండే ఆ పండుకు ఇక్కడి పిట్టలు పెద్దగా అలవాటు పడలేదు. ఇక్కడి గొంగళ్ళకూ దాని ఆకుతో పొత్తు తక్కువ. పెరట్లో ఒక్క చెట్టుకే చోటుంటే ఆ చోటు కౌసాకు ఇవ్వకండి.

తేడా పట్టడం తేలిక. రెక్కల చివర చూడండి. స్థానిక డాగ్‌వుడ్‌కు చివర చిన్న నొక్కు ఉంటుంది, ఎవరో గోటితో గిల్లినట్టు. కౌసాకు చివర మొనదేలి ఉంటుంది. పైగా కౌసా కొన్ని వారాలు ఆలస్యంగా, ఆకులు వచ్చాక పూస్తుంది.

మనం రెక్కలంటున్నవి నిజానికి రెక్కలు కావు. మన కాగితంపూల చెట్టు గుర్తుందా? గులాబీ రంగులో కనిపించేవి రంగు మారిన ఆకులు, అసలు పువ్వు లోపల సన్నగా ఉంటుంది. ఇక్కడా అదే ఏర్పాటు. ఆ నాలుగు తెల్లటివీ పుచ్ఛాలు. నడిమధ్యన పచ్చగా, గుండీ అంత ముద్దగా ఉన్నదే అసలు పూల గుత్తి.

పువ్వు లేని రోజుల్లో గుర్తుపట్టాలంటే పిల్లల్ని పిలవండి, వాళ్ళకు ఇది భలే ఇష్టం. ఒక ఆకును అడ్డంగా మెల్లగా చింపి రెండు ముక్కలనూ కొంచెం దూరం జరపండి. తామరతూడు విరిస్తే సాగినట్టే సన్నని దారాలు సాగి, కింది ముక్క గాలిలో వేలాడుతుంది. ఇది డాగ్‌వుడ్ కుటుంబం గుర్తు. కౌసా ఆకూ ఇలాగే వేలాడుతుంది కాబట్టి కొనేటప్పుడు చీటీ మీద కార్నస్ ఫ్లోరిడా అని ఉందో లేదో చదవండి.

ఇక పనిలోకి

1. కొనేముందు చీటీలో రకం పేరు కూడా చూడండి. 1970ల చివర్లో ఆంత్రాక్నోస్ అనే శిలీంధ్రపు తెగులు బయటపడి, అప్పలాచియన్ కొండల చల్లని తేమ లోయల్లో ఈ చెట్లను విపరీతంగా చంపింది. మేరీల్యాండ్‌లోని కటాక్టిన్ కొండ అడవిలో చుట్టూ చెట్లు చచ్చిపోతుంటే బతికి నిలిచిన ఒక చెట్టు నుంచి టెనెసీ విశ్వవిద్యాలయం వాళ్ళు 'అప్పలాచియన్ స్ప్రింగ్' అనే రకాన్ని తీశారు. మీది కొండ ప్రాంతం, చల్లని తేమ ఉన్న చోటు అయితే దాన్నే అడగండి.

2. ఒక్కటి కాదు, రెండు. ఇది చాలామందికి తెలియక నష్టపోయే విషయం. డాగ్‌వుడ్ పువ్వు తన పుప్పొడితో తాను కాయ కట్టదు. ఒకే రకం అంటు మొక్కలు రెండు పెట్టినా లాభం లేదు, అవి ఒకే చెట్టు కింద లెక్క. వేరే రకం ఇంకొకటి దగ్గర్లో ఉండాలి. వీధిలో పక్కింటివాళ్ళకు ఉంటే సరిపోతుంది. లేకపోతే మీరు ఒక అంటు మొక్క, ఒక విత్తనపు మొక్క పెట్టండి. నాలుగేళ్ళుగా పూలే గాని కాయ లేదని బాధపడే ఇంట్లో, తొంభై పాళ్ళు కారణం ఇదేనని నా నమ్మకం.

3. చోటు. అడవిలో ఇది పెద్ద చెట్ల నీడన పెరిగేది. పొద్దుటి ఎండ, మధ్యాహ్నం నీడ దీనికి హాయి. నడి గడ్డిలో, రోజంతా ఎండలో, స్ప్రింక్లర్ నీళ్ళు ఆకుల మీద పడే చోట పెడితే ఆకు అంచులు మాడతాయి, మచ్చల తెగులు కూడా పట్టుకోవచ్చు. గోడకు కనీసం 15 అడుగుల దూరం వదలండి. ఎత్తు ఎంత పెరుగుతుందో పక్కలకూ అంతే చాపుతుంది, 20 నుంచి 30 అడుగుల దాకా.

4. మట్టి. జార్జియా, కరోలినాల్లో మన నేలను తలపించే ఎర్రమట్టే, కానీ బంక. గొయ్యి తీసి నీళ్ళు నింపి చూడండి. మర్నాటికీ నీళ్ళు నిలిచి ఉంటే ఆ చోటు వదిలేయండి. డాగ్‌వుడ్‌కు తడి కావాలి గాని నిలవ నీరు పనికిరాదు. కొంచెం ఆమ్ల గుణం ఉన్న మట్టి నచ్చుతుంది. మీ కౌంటీ ఎక్స్‌టెన్షన్ ఆఫీసు ద్వారా భూసార పరీక్ష చేయించుకోవచ్చు.

5. గొయ్యి తవ్వే ముందు 811కి ఫోన్ చేయండి. గ్యాసు, కరెంటు లైన్లు ఎక్కడున్నాయో ఉచితంగా గుర్తు పెట్టి వెళ్తారు. కొన్ని పనిదినాల ముందే చెప్పాలి. మీ కాలనీకి హెచ్‌ఓఏ ఉంటే అనుమతి మెయిల్ కూడా ఇప్పుడే పంపండి.

6. నాటడం. ఆకు రాలాక చలికాలానికి ముందు, లేదా వసంతంలో మొగ్గ విచ్చకముందు. గొయ్యి వెడల్పు వేళ్ళ మట్టిగడ్డకు రెండు మూడింతలు ఉండాలి, లోతు మాత్రం మట్టిగడ్డంతే. మొదట్లో కాండం వెడల్పయి వేరుగా మారే చోటు నేల పైకి కనిపించాలి. బంకమట్టిలో అంగుళమో రెండంగుళాలో పైకి ఉంచినా మంచిదే. మన కొబ్బరి మొక్కను లోతుగా పెడతామే, ఆ అలవాటు ఇక్కడ చెట్టును చంపుతుంది.

7. నీళ్ళు. తులసికోటకు పోసినట్టు రోజూ ఒక చెంబు పోస్తే పైన రెండంగుళాలే తడుస్తుంది, వేళ్ళు అక్కడే ఆగిపోతాయి. వారానికోసారి నిదానంగా, లోతుగా తడపండి. అంగుళం వాన పడ్డ వారం మానేయండి. మొదటి రెండేళ్ళూ ఈ శ్రద్ధ తప్పదు. ఎరువు మొదటి ఏడాది వేయకండి.

నేను చేసిన తప్పు

నా మొదటి డాగ్‌వుడ్ మూడో ఏట చనిపోయింది. మొక్క మంచిదే, చోటూ మంచిదే. నేను దాని మొదట్లో మల్చ్ కుప్ప పోశాను. వీధిలో అన్ని చెట్లకూ అలాగే పుట్టలా పోసి ఉంటే అదే పద్ధతి అనుకున్నాను. ఆ తడి కుప్ప కింద బెరడు మెత్తబడింది. దానికితోడు ఒక వేసవిలో గడ్డి కోసే ట్రిమ్మర్ తీగ కాండానికి తగిలి బెరడు చీరుకుపోయింది. ఆ గాయంలోంచి కాండం తొలిచే పురుగు లోపలికి పోయింది. మరుసటి వసంతంలో ఒక వైపే పూసింది. ఆ పై ఏడు చిగురే లేదు. పిల్లలు దాని పక్కనే రోజూ ఆడుకునేవాళ్ళు, "ఎప్పుడు లేస్తుంది?" అని అడిగితే నా దగ్గర జవాబు లేదు.

కాబట్టి ఈ రెండూ చెయ్యి పట్టుకుని చెబుతున్నాను.

మల్చ్ రెండు మూడంగుళాల మందమే వేయండి, వెడల్పుగా పరచండి, కాండానికి అరచేయి దూరం వదలండి. మన ఊళ్ళో చెట్టుకు పాదు చేస్తామే, మధ్యలో కాండం ఖాళీగా, చుట్టూ గట్టు. ఆ ఆకారం గుర్తుపెట్టుకోండి.

రెండోది, పాదు లోపల గడ్డి ఉండనివ్వకండి. గడ్డి లేకపోతే ట్రిమ్మర్ అక్కడికి రాదు. గడ్డి కోయడానికి మనిషిని పెట్టుకుంటే ముందే చెప్పండి: "ఈ వలయం లోపలికి మిషను రాకూడదు." జింకలు తిరిగే కాలనీ అయితే మొదటి కొన్నేళ్ళు చుట్టూ తీగవల కట్టండి. అవి చిగుళ్ళు తింటాయి, మగవి కొమ్ములు రుద్ది బెరడు ఊడదీస్తాయి.

కత్తిరింపులో ఒక పొరపాటు తరచూ చూస్తాను. చలికాలంలో తీరిక దొరికిందని కత్తెర పట్టుకుంటారు. వచ్చే వసంతపు మొగ్గలు కిందటి వేసవిలోనే కట్టి ఉంటాయి. కొమ్మ చివర గుండ్రంగా, చిన్న ఉల్లిపాయలా ఉన్నది పూమొగ్గ, సన్నగా మొనదేలినది ఆకుమొగ్గ. మీరు కత్తిరించింది ఏప్రిల్ పూలను. ఎండిన కొమ్మలు తీసేయాలంటే పర్వాలేదు, రూపు దిద్దాలంటే పూత అయ్యాక చేయండి.

ఆకులో చిల్లులు కనిపించగానే మందు కొట్టకండి. ఆ చిల్లులు గొంగళ్ళు వచ్చాయనడానికి గుర్తు, వాటి కోసమే కదా ఈ చెట్టు పెట్టింది! స్ప్రింగ్ అజ్యూర్ అనే చిన్న నీలి సీతాకోకచిలుక డాగ్‌వుడ్ పూమొగ్గల మీద గుడ్లు పెడుతుంది. మీరు కొట్టే మందుకు అది పురుగో, సీతాకోకచిలుకో తేడా తెలియదు. ఇక రాలిన ఆకు. డాగ్‌వుడ్ ఆకులో కాల్షియం బాగా ఎక్కువ, త్వరగా కుళ్ళి నేలను బాగుచేస్తుంది. ఊడ్చి సంచుల్లో కట్టి వీధిలో పెట్టకుండా చెట్టు కిందే వదిలేయండి. ఆ ఏడాది మచ్చల తెగులు వచ్చిన చెట్టయితే మాత్రం ఏరి పారేయాలి.

మనిషికేం ఇచ్చింది?

చాలానే ఇచ్చింది. ఈ కర్ర గట్టిది, సాంద్రమైనది, వాడుతున్నకొద్దీ నునుపెక్కుతుంది. అందుకే అమెరికా బట్టల మిల్లులు నాడెలు చేయడానికి దీన్ని ఏరి కొనేవి. మంగళగిరిలోనో పోచంపల్లిలోనో మగ్గం దగ్గర కూర్చున్నవాళ్ళకు ఎందుకో చెప్పక్కర్లేదు. నాడెకు చిన్న పేడు లేచినా దారం తెగుతుంది. ఇక్కడి ఆదివాసులు వేరు బెరడు నుంచి ఎర్ర రంగు తీశారు, బెరడును జ్వరానికి వాడారు. 1861-65 అంతర్యుద్ధంలో రేవుల దిగ్బంధంతో దక్షిణాదికి క్వినైన్ రాకపోతే, మలేరియాకు ఈ బెరడు కషాయమే ఇచ్చారు. అది అప్పటి అవసరం, మీరు ఇంట్లో ప్రయత్నించకండి.

ఇవాళ్టికీ పనికొచ్చేది ఒకటుంది, నాకు చాలా ఇష్టమైనది. మనకు కార్తెలున్నట్టే ఇక్కడి పాత రైతులకు 'డాగ్‌వుడ్ వింటర్' ఉంది. ఏప్రిల్‌లో వెచ్చబడింది కదా అనుకుంటుండగా, డాగ్‌వుడ్ పూసే రోజుల్లోనే ఒక విడత చలి తిరిగి కొడుతుంది. పూత చూసి మొక్కజొన్న వేసే కాలం లెక్కకట్టేవారు. మీరూ అలాగే చేయండి. చెట్టు తెల్లగా ఉన్నన్నాళ్ళు సొర, బీర నారు బయట పెట్టకండి, కరివేపాకు కుండీని రాత్రుళ్ళు బయట వదలకండి. తెల్లటి పుచ్ఛాలు రాలి, పచ్చటి ఆకులు పరుచుకున్నాక ఫోన్‌లో వాతావరణం చూసి నాటండి.

మీది ఈ ప్రాంతం కాకపోతే?

డాలస్‌లో ఉంటే కార్నస్ ఫ్లోరిడా జోలికి పోకండి. అక్కడి సున్నపు నల్ల బంకమట్టిలో అది బతకలేక బతుకుతుంది. ఆ నేలకు పుట్టిన రఫ్‌లీఫ్ డాగ్‌వుడ్ ఉంది, తెల్లని కాయలు కాస్తుంది, పిలకలు వేసి పొదలా గుబురెక్కుతుంది. ఆ గుబురులో పిట్టలు గూళ్ళు కడతాయి. మినియాపొలిస్ వైపు చలికి పగోడా డాగ్‌వుడ్, రెడ్ ఒసియర్ తట్టుకుంటాయి. రెడ్ ఒసియర్ కొమ్మలు చలికాలం మంచులో కుంకుమ రంగులో మెరుస్తాయి. పాత కొమ్మలు కొన్ని ఏటా మొదలంటా తీసేస్తే కొత్తవి ఇంకా ఎర్రగా వస్తాయి. ఆదివాసులు వాటితో బుట్టలు అల్లారు. కాలిఫోర్నియా బే ఏరియా వాగుల ఒడ్డున పుట్టేది కూడా అదే జాతి.

విత్తనం విజయవాడకు పట్టుకెళ్ళే ఆలోచన మాత్రం వద్దు. ఈ విత్తనం మొలవాలంటే మూడు నాలుగు నెలల చలి నిద్ర పోవాలి, చెట్టుకూ ఏటా చలికాలం కావాలి. కృష్ణా తీరాన అది ఎక్కడ దొరుకుతుంది? ఇక్కడైతే అక్టోబరులో పిట్టలకంటే ముందు పిల్లలతో పది పళ్ళు కోయించండి. గుజ్జు కడిగేసి, గింజను కుండీలో అరంగుళం లోతున పెట్టి, ఉడుతలు తవ్వకుండా పైన జాలీ కప్పి, చలికాలమంతా బయటే వదిలేయండి. వసంతంలో మొలక వస్తుంది. పూయడానికి ఐదారేళ్ళు పట్టొచ్చు. ఈలోగా నర్సరీ మొక్క పూస్తూ ఉంటుంది, వేరే చెట్టు కాబట్టి రెండో నంబరులో చెప్పిన జత కూడా కుదురుతుంది.

ఈ శనివారం ఒక్క పని చేయండి. పొద్దున పదింటికి, ఒంటిగంటకు, నాలుగింటికి పెరట్లోకి వెళ్ళి నీడ ఎక్కడ పడుతోందో చూడండి. పదింటికి ఎండా, నాలుగింటికి నీడా ఉన్న చోట ఒక కర్ర పాతి, దానికి ఎర్ర గుడ్డ కట్టండి. వంటగది కిటికీలోంచి ఆ కర్ర కనిపిస్తోందా? అక్టోబరులో వాక్స్‌వింగ్‌ల గుంపు వాలిందంటే ఒక్క పూటలో చెట్టును ఖాళీ చేసి వెళ్ళిపోతుంది. కనిపించకపోతే కర్రను రెండడుగులు జరపండి.